‘తలకెక్కదు’ అన్న మాట మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యాధికారులకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చదువుల బాధ్యత చూస్తున్న అధికారులకు, రెసిడెన్షియల్ స్కూళ్ళు, జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు, నా తోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

నేను బీఎడ్ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. అంతకు ముందు ఐదేళ్ళు ఆత్మకూరు పక్కన ఒక పల్లె బడిలో పంతులమ్మను. ఈ లేఖలో ఉన్న విషయాల మీదే సోమవారం గ్రీవెన్సులో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. మొదటిసారి రసీదు ఇచ్చారు. నెల తిరక్కుండానే ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. నన్ను పిలిచినవాళ్ళు లేరు, ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. రెండోసారి ‘సంబంధిత శాఖకు పంపాం’ అన్నారు. ఏడు నెలలైంది. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నన్ను కదిలించిన సంగతి ముందు చెబుతాను. దసరా సెలవుల్లో ఉదయగిరి వైపు నుంచి ఒక తల్లి ఇంటర్ మొదటి సంవత్సరం చదివే కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. “మా వాడికి తలకెక్కదు మేడమ్. మట్టిబుర్ర అంటున్నారు కాలేజీలో. లక్షన్నర కట్టినాం. మూడుసార్లు సెక్షన్ మార్చి, ఆఖరి సెక్షన్లో పడేసినారు” అంది. పిల్లవాడు తల ఎత్తలేదు. ఆమెను లోపల కూర్చోబెట్టి, వాడితో రెండు గంటలు మాట్లాడాను. ఒక్కో చాప్టర్ ఎనిమిది, తొమ్మిదిసార్లు చదువుతాడట. పుస్తకమంతా పచ్చరంగు గీతలు. తెరిచి ఉంటే అంతా తెలిసినట్టే ఉంటుంది, మూస్తే ఏమీ లేదు. పొద్దున ఐదుకు లేపుతారు, రాత్రి పదిన్నరకు స్టడీ అవర్ అయిపోతుంది, పడుకునేసరికి పదకొండున్నర. ఆదివారం టెస్టు. సోమవారం గోడ మీద ర్యాంకులు.

ఆ పిల్లవాడి బుర్రకు ఏ లోపమూ లేదు. వాడికి చదవమని చెప్పారు గానీ, చదివింది మనసులో ఎలా నిలుస్తుందో ఎవరూ చెప్పలేదు. అది చెప్పే శాస్త్రం ఉంది. కాగ్నిటివ్ సైకాలజీ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో సంజ్ఞానాత్మక మనోవిజ్ఞానం అని రాస్తారు. చూడటం, వినడం, ధ్యాస పెట్టడం, గుర్తుంచుకోవడం, మరిచిపోవడం, ఆలోచించడం, తేల్చుకోవడం లాంటి పనులు మనిషి తలలో ఎలా జరుగుతున్నాయో ప్రయోగాలు చేసి తెలుసుకునే విద్య ఇది.

దీని కథ పెద్దదే, నాలుగు ముక్కల్లో చెబుతాను. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ సైకాలజీకి ప్రయోగశాల పెట్టాడు. 1913లో అమెరికాలో జాన్ వాట్సన్ వచ్చి, మనసులోపల ఏం జరుగుతుందో కనబడదు కాబట్టి దాని జోలికి పోవద్దు, పైకి కనిపించే ప్రవర్తననే చూడాలి అన్నాడు. చాలా ఏళ్ళు ఆ మాటే చెల్లింది. 1950ల్లో కంప్యూటర్లు వచ్చాక, సమాచారం లోపలికి పోవడం, నిల్వ ఉండటం, మళ్ళీ బయటికి రావడం అనే దృష్టితో మనసును కొలవవచ్చని తెలిసింది. 1967లో ఉల్రిక్ నైసర్ అదే పేరుతో పుస్తకం రాశాక కాగ్నిటివ్ సైకాలజీ అనే పేరు స్థిరపడింది.

మన బడులు మాత్రం 1913 దగ్గరే ఉన్నాయని నా అభిప్రాయం. మార్కు వస్తే చాక్లెట్, రాకపోతే నిలబెట్టడం. పిల్లవాడి తలలో పాఠం ఎక్కడ తెగిపోయిందో ఎవరికీ పట్టదు.

ఇందులో నా వాళ్ళ తప్పు, నా తప్పు కూడా ఉంది. టెట్‌లో సైకాలజీకి 30 మార్కులు. డీఎస్సీలోనూ సైకాలజీ ఉంటుంది. దాంతో ఈ శాస్త్రం కోచింగ్ సెంటర్లలో బిట్లుగా మారిపోయింది. ‘విస్మృతి వక్రరేఖను (నేర్చింది ఎలా మరిచిపోతామో చూపే గీతను) రూపొందించినది ఎవరు?’ అంటే ఎబ్బింగ్‌హాస్ అని టిక్కు పెట్టడం వచ్చు. ఎబ్బింగ్‌హాస్ ఏం చెప్పాడో దాన్నిబట్టి రేపు తన క్లాసులో ఏం మార్చుకోవాలో మాత్రం తెలియదు. బట్టీ ఎందుకు నిలవదో చెప్పే శాస్త్రాన్నే మనం బట్టీ పట్టించాం. నేనూ నా విద్యార్థులకు నోట్సు డిక్టేషన్ చెప్పి పంపిన సంవత్సరాలున్నాయి. అవి గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక అసలు విషయాలు. ప్రతి దాని వెనకా మన పిల్లల జీవితం ఉంది, దయచేసి ఓపిగ్గా చదవండి.

1. ఒకేసారి తలలో పట్టేది చాలా తక్కువ.

1956లో జార్జ్ మిల్లర్ ఒక వ్యాసంలో, మనిషి అప్పటికప్పుడు మనసులో పెట్టుకోగలిగేది సుమారు ఏడు ముక్కలని, అటూ ఇటూగా రెండు తేడా ఉండవచ్చని చెప్పాడు. 2001లో నెల్సన్ కోవన్ అది కూడా ఎక్కువేనని, నిజానికి నాలుగు దగ్గరే ఆగుతుందని వాదించాడు. ఫోన్ నంబరు పది అంకెలను మనం ముక్కలు చేసి చెప్పుకోవడం ఇందుకే. 1, 9, 4, 7, 2, 0, 2, 0 అని విడివిడిగా చెబితే ఎనిమిది. 1947, 2020 అంటే రెండే. అంకెలు అవే, కానీ తెలిసిన విషయానికి ముడిపడగానే బరువు తగ్గింది.

బడిలో పనిచేసేటప్పుడు నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. ఎక్కాలు అప్పజెప్పలేడు. సాయంత్రం బస్టాండులో నాన్న టీకొట్టులో పన్నెండు మంది ఆర్డర్లు ఒక్క చీటీ లేకుండా తెచ్చేవాడు. ఎవరికి చక్కెర వద్దు, ఎవరికి స్ట్రాంగ్, ఎవరికి అల్లం అన్నీ గుర్తే. వాడికి జ్ఞాపకశక్తి లేదని నేను ప్రోగ్రెస్ కార్డులో రాశాను. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆటగాళ్ళ మీద చేసిన ప్రయోగం గురించి చదివిన రోజు ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. నిజమైన ఆటలోని పావుల అమరికను ఐదు సెకన్లు చూపిస్తే గొప్ప ఆటగాడు చాలావరకు తిరిగి పేర్చగలిగాడు. అవే పావులను అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే కొత్తగా నేర్చుకున్నవాడికీ అతనికీ పెద్ద తేడా లేదు. గుర్తుండటం అనేది తెలిసినదాని మీద ఆధారపడుతుంది. మా టీకొట్టు కుర్రాడికి ఆ పన్నెండు మందీ తెలుసు. ఎక్కం అంటే ఏమిటో నేను తెలియజెప్పలేదు.

ఇప్పుడు మన క్లాసు చూడండి. నాలుగు కొత్త ఇంగ్లీషు మాటలు, ఒక ఫార్ములా, బోర్డు మీద బొమ్మ, పక్కన ‘రాసుకోండి రాసుకోండి’ అన్న కేక. ఆ పిల్లకు ఉన్న నాలుగు గదులూ మొదటి నిమిషంలోనే నిండిపోయాయి. తర్వాతి ముప్పై తొమ్మిది నిమిషాలు చెవుల పక్కనుంచి పోయాయి.

2. వినబడినంత మాత్రాన అర్థమైనట్టు కాదు.

నెల్లూరులో తిక్కన గారి మీద చెప్పుకునే కథ మీకు తెలిసే ఉంటుంది. ఆయన భారతం చెబుతుంటే గురునాథుడు రాస్తున్నాడట. ఒకచోట పద్యం ముందుకు సాగక, ‘ఏమి చెప్పుదుం గురునాథా’ అన్నాడట. గురునాథుడు అది కూడా రాసేశాడు. తీరా చూస్తే, సంధిలో ‘కు’ ‘గు’గా మారుతుంది కాబట్టి, అది ధృతరాష్ట్రుడితో సంజయుడు ‘కురునాథా’ అన్నట్టుగా పద్యంలో చక్కగా సరిపోయిందట. శబ్దం ఒక్కటే. వినేవాడి మనసులో ఏ సందర్భం ఉందో ఆ అర్థమే వినిపిస్తుంది. ప్రత్యక్షం (పర్సెప్షన్) గురించి క్లాసులో నేను ఎప్పుడూ ఈ కథతోనే మొదలుపెట్టేదాన్ని. కంటికి, చెవికి అందినదాన్ని మనసు తన దగ్గరున్న సరుకుతో కలిపి అర్థం చేసుకుంటుంది. సరుకు లేకపోతే శబ్దమే మిగులుతుంది. జువ్వలదిన్నె తీరం నుంచి వచ్చిన పిల్లకు ఆటుపోట్ల పాఠం, చీమకుర్తి గ్రానైట్ క్వారీ పక్కన పెరిగిన పిల్లవాడికి శిలల పాఠం వాళ్ళకు తెలిసిన మాటలతో మొదలుపెడితే ఏ భాషలో చెప్పినా అందుతుంది. దయచేసి ఇంగ్లీషు మీడియం మీద వాదనగా దీన్ని తీసుకోవద్దు.

3. మరుపు మొదటి రోజే ఎక్కువ.

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో అచ్చువేసిన ప్రయోగాలకు విద్యార్థి తనే. అర్థం లేని అక్షరాల గుంపులు నేర్చుకుని, కొంతసేపయ్యాక మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో కొలిచాడు. గంట గడిచేసరికి సగానికి పైగా జారిపోయింది. ఒక రోజుకు మూడో వంతు మిగిలింది. నెలకు ఐదో వంతు. అంటే జారడం మొదట్లో వేగం, తర్వాత నెమ్మది. మన కాలేజీల్లో డిసెంబరుకల్లా సిలబస్ ముగించి ఆ తర్వాత రివిజన్ మొదలుపెడతారు. జూన్‌లో చెప్పిన పాఠం అప్పటికి పిల్లవాడికి కొత్త పాఠమే. మర్నాడు ఐదు నిమిషాలు, వారానికి ఐదు నిమిషాలు, నెలకు పది నిమిషాలు తిరిగి తెచ్చుకుంటే పోయేదానికి ఆరు నెలల తర్వాత మూడు రోజులు రుద్దుతున్నాం.

4. పుస్తకం మూసి తలచుకుంటేనే నిలుస్తుంది.

ఇది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. చదివి చదివినవాళ్ళకు 42 శాతం, మూసి రాసినవాళ్ళకు 56. ఉదయగిరి పిల్లవాడు తొమ్మిదిసార్లు చదివి ‘అంతా వచ్చేసింది’ అనుకోవడానికి కారణం ఇదే. కళ్ళ ముందున్నది తెలిసినట్టు ఉంటుంది. గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు.

మనకు ఇది పరాయి విద్య కాదు. అటెన్షన్‌కు పాఠ్యపుస్తకాల్లో ఏమని రాస్తారు? అవధానం. అష్టావధాని ఒక పృచ్ఛకుడికి పద్యంలో ఒక్క పాదం చెప్పి, మిగతా ఏడుగురి దగ్గరికి వెళ్ళివస్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు తికమక పెడతాడు. మళ్ళీ వచ్చి, పాత పాదం తలచుకుని రెండోది చెబుతాడు. ఇలా నాలుగు ఆవృత్తాలు. చివర కాగితం చూడకుండా అన్ని పద్యాలూ ధారణ చేస్తాడు. ఎడం ఇవ్వడం, మళ్ళీ తలచుకోవడం, చూడకుండా అప్పజెప్పడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. సభలో చప్పట్లు కొడతాం, మర్నాడు మన పిల్లలకు మాత్రం పదిసార్లు చూసిరాత ఇస్తాం.

‘మేము రోజూ స్లిప్ టెస్టులు, ప్రతి ఆదివారం టెస్టు పెడుతూనే ఉన్నాం కదా’ అని యాజమాన్యాలు అంటాయని తెలుసు. ఒక ప్రిన్సిపాల్ నాతో అన్నారు కూడా. నేను చెప్పే పరీక్షకు మార్కు ఉండదు, ర్యాంకు ఉండదు, గోడ మీద పేరు ఉండదు. తప్పు రాస్తే అక్కడికక్కడే సరైన సమాధానం చూసుకుంటారు, అంతే. మీరు పెట్టే టెస్టు సెక్షన్ మార్చడానికి. ఆ భయంతో కూర్చున్న పిల్లకు ఉన్న నాలుగు గదుల్లో రెండు టెన్షనే ఆక్రమిస్తుంది. 2001లో మార్క్ యాష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కిర్క్ లెక్కలంటే భయపడేవాళ్ళను పరీక్షిస్తే, ఆ భయం లెక్క చేసేటప్పుడు అవసరమైన జ్ఞాపకపు చోటునే తినేస్తోందని తేలింది. ‘ఇంట్లో వచ్చింది, హాల్లో పోయింది’ అని పిల్లలు చెప్పేది సాకు కాదు.

5. నిద్ర తగ్గించి చదువు పెంచలేం.

1924లోనే జాన్ జెన్కిన్స్, కార్ల్ డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, నేర్చుకున్నాక మేలుకుని ఉన్న గంటల్లో కన్నా నిద్రపోయిన గంటల్లో మరుపు బాగా తక్కువని కనిపించింది. ఆ తర్వాత ఎన్నో ప్రయోగాలు నిద్రలో జ్ఞాపకాలు గట్టిపడతాయని చూపించాయి. 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. మన హాస్టల్లో ఐదున్నర. తల్లిదండ్రులు పొగాకు అమ్మిన డబ్బు, రొయ్యల గుంటలో మిగిలిన డబ్బు తెచ్చి కట్టేది ఈ ఐదున్నర గంటల కోసమా? క్లాసులో తూగితే నిలబెడుతున్నారు. కొందరు పిల్లలు అసలు తట్టుకోలేక ఏం చేసుకుంటున్నారో పేపర్లో చదువుతూనే ఉన్నాం. దాని మీద ఇంకేమీ రాయలేను.

6. చదవలేని పిల్లలు చదవనివాళ్ళు కాదు.

పచ్చ సుద్దముక్కతో బోర్డు మీద ‘ఎరుపు’ అని రాసి, ఏ రంగులో రాశానో చెప్పమనండి. మనకు నాలుక తడబడుతుంది. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో అచ్చువేసిన ప్రయోగం ఇలాంటిదే. చదవడం వచ్చినవాడికి అక్షరం కనబడగానే చదవకుండా ఉండటం కష్టం, అంతగా అలవాటైపోతుంది. డిస్‌లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లకు అది అంత సులువుగా అలవాటు కాదు. ఒక్కో అక్షరానికీ ధ్యాసంతా ఖర్చవుతుంది, వాక్యం చివరికి వచ్చేసరికి అర్థానికి ఏమీ మిగలదు. అదే పాఠం చదివి వినిపిస్తే చక్కగా జవాబు చెబుతుంది. ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో దీన్నీ చేర్చింది. ఆ చట్టంలోని 16వ సెక్షన్ ఇలాంటి పిల్లలను వీలైనంత తొందరగా గుర్తించి తగిన పద్ధతిలో చెప్పడం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థ బాధ్యత అంటోంది. నేను తిరిగిన బడుల్లో ఈ సెక్షన్ పేరు విన్న టీచరు చాలా అరుదు. వైకల్య సర్టిఫికెట్ కోసం కొండ కింద పల్లెల నుంచి ఒక కూలితల్లి మూడుసార్లు పట్నం రావాలంటే మూడు రోజుల కూలి, బస్సు ఛార్జీలు, తీరా వస్తే ‘డాక్టరు లీవు’. నాలుగోసారి ఆమె రాదు. పిల్లవాడు ఎనిమిదిలో బడి మానేసి బేల్దారి పనికి బెంగుళూరు పోతాడు. అందరం ‘చదువు అబ్బలేదు’ అంటాం.

మా అభ్యర్థనలు ఇవి. ‘మా’ అంటున్నాను, ఎందుకంటే రెండు జిల్లాల్లో నాతో మాట్లాడిన తల్లిదండ్రులు, టీచర్లు కొందరు ఇందులో ఉన్నారు.

1. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ప్రతిసారీ ఒక గంట ఈ విషయాలకే కేటాయించండి. ఉపన్యాసం వద్దు. ఒక ప్రయోగం చేసి చూపించి, మర్నాడు క్లాసులో ఏం చేయాలో ఒకటి చెప్పి పంపితే చాలు. మనిషి కావాలంటే నేను వస్తాను, పైసా అడగను. కందుకూరైనా, వింజమూరైనా సరే.

2. ప్రతి పీరియడ్ మొదట ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి, నిన్నటి పాఠంలో గుర్తున్నది రాయించే పద్ధతి రెండు జిల్లాల్లోనూ పెట్టండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, జీవో కూడా అక్కర్లేదేమో.

3. హాస్టళ్ళలో ఎనిమిది గంటలు దీపాలు ఆర్పి ఉండాలి. టైమ్‌టేబుల్ గేటు బయట అంటించాలి. తనిఖీ పగలు కాదు, రాత్రి పదకొండుకు చేయండి.

4. ర్యాంకుల గోడలు తీసేయండి. టెస్టు మార్కునుబట్టి నెలనెలా సెక్షన్లు మార్చడం ఆపండి. మొద్దు, మట్టిబుర్ర అనే మాటలు అనడం కూడా మానసిక వేధింపే. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల విషయంలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతోపాటు దాన్నీ నిషేధించింది.

5. మూడో తరగతిలోనే చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలను గుర్తించండి. సర్టిఫికెట్ శిబిరాలు కావలి, ఆత్మకూరు, కందుకూరు లాంటి చోట్ల ఏడాదికి రెండుసార్లయినా పెట్టండి. తేదీ ముందే బడికి తెలపండి. ఆ రోజు డాక్టరు ఉండాలి.

6. ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబివ్వండి. చేయలేనిది ఉంటే ఏది, ఎందుకు అన్నది రాయండి. ‘పరిష్కరించబడినది’ అన్న మెసేజ్ మాత్రం మళ్ళీ పంపవద్దని వేడుకుంటున్నాను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఎన్ని గంటలు చదివిస్తారని కాలేజీలో అడగడం మానండి. పిల్లలు ఎన్ని గంటలు నిద్రపోతారని అడగండి. ఇద్దరు ముగ్గురు అడిగితే పట్టించుకోకపోవచ్చు, అడ్మిషన్ల రోజున వందమంది అడిగితే టైమ్‌టేబుల్ మారుతుంది.

ఉదయగిరి పిల్లవాడికి ఆ రోజు నేను నేర్పింది ఒక్కటే, పేజీ చదివి పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాసి, మళ్ళీ తెరిచి చూసుకోవడం. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఫోన్ చేశాడు. ఫిజిక్స్‌లో కొంచెం నయంగా ఉందన్నాడు. నిద్ర మాత్రం అంతే ఉందన్నాడు, లైటు వాళ్ళ చేతిలో ఉంది కదా మేడమ్ అన్నాడు.

వచ్చే సోమవారం మూడో అర్జీతో వస్తున్నాను. వాళ్ళమ్మ కూడా ఒక రోజు కూలి మానుకుని నాతో వస్తానంది. ఆమెను కూర్చోబెట్టి వినండి.

ఇట్లు,
రిటైరైన బీఎడ్ కాలేజీ అధ్యాపకురాలు,
నెల్లూరు